పద్నాలుగో పేజీలో మూడు మేకలు

రాళ్లగుంపు,
చర్ల మండలం.
జూలై 4.

ఖమ్మంలో ఉండి ‘మంద’ పుస్తకం రాసినవారికి,

రాళ్లగుంపు నుంచి దూలయ్య దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేకలతో సహా అందరూ బాగున్నారు. నేను బాగున్నానని మాత్రం రాయలేను. కారణం మీ పుస్తకం.

నేను ఇరవై రెండేళ్లు ఈ వైపు గుంపులకు, అంటే అడవి పల్లెలకు, తపాలా సంచి మోసినవాణ్ణి. ఊళ్లందరి ఉత్తరాలు చేరవేశాను గాని సొంతంగా ఒకటి రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి. మీ తప్పుల సంగతి కింద రాస్తున్నాను.

మా గుంపులో మేకలకు సూదులు వేయడానికి శ్రీధర్ అనే గోపాలమిత్ర వస్తాడు. కొత్త మనిషి, మర్యాదస్తుడు. పోయిన వారం ఒక ఫోనూ ఒక పుస్తకమూ పట్టుకొచ్చాడు. ఏ ఇంట్లో ఎన్ని మేకలున్నాయి, దేనికి సూది పడింది, ఏది చచ్చింది, ఇవన్నీ ఇకనుంచి ‘మంద’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలట. ఎట్లా ఎక్కించాలో ఈ పుస్తకంలో ఉందట. మా అరుగు మీద కూర్చొని పైకి చదివాడు. పద్నాలుగో పేజీలో ఇట్లా ఉంది: ‘రైతు పేరు: దూలయ్య. మండలం: చర్ల. మేకలు: 12. చనిపోయినవి: 3. మిగిలినవి: 9.’

ఈ మండలంలో దూలయ్యలు ఇంకా ఉన్నారు. ఒకాయనకు మేకలు లేవు. ఇంకొకాయన నిరుడు కాలం చేశాడు. తొమ్మిది మేకలున్న దూలయ్యను నేనొక్కణ్ణే.

మా ఇంటామె బియ్యం చెరుగుతూ ఇదంతా విన్నది. చేట కింద పెట్టింది.

“పన్నెండు ఎప్పుడున్నయ్ మనకు?” అని అడిగింది.

“ఎన్నడున్నయ్. తొమ్మిదే గదా” అన్నాను.

“తొమ్మిది సరిగ్గనే రాసిన్రు. తొమ్మిది తెలిసినోళ్లకు మూడు తెల్వదా? ఏడబోయినయ్ ఆ మూడు?”

శ్రీధర్ తల వంచుకొని పదిహేనో పేజీకి వెళ్లిపోయాడు. నేను వెళ్లలేకపోయాను. వారం నుంచి ఇంట్లో ఇదే మాట. నోటి మాటైతే కాదనవచ్చు. అచ్చులో ఉన్నదాన్ని కాదంటే నేనే అబద్ధమాడుతున్నట్టు ఉంటోంది.

కాబట్టి రెండు సంగతులు తెలియజేయగలరు. నా మేకల లెక్క మీకు ఎవరు చెప్పారు? పుస్తకం ఎప్పుడు దిద్దుతారు? చివరి అట్ట మీద ‘తప్పులు కనిపిస్తే తెలపండి’ అని చిరునామా వేశారు. అందుకు మాత్రం సంతోషం.

జవాబు కోసం సంచి దారి చూస్తూ,
దూలయ్య.

తా.క. మా ఇంటామెకు చదువు రాదు. లెక్క మాత్రం తప్పదు.


ఖమ్మం,
జూలై 13.

పెద్దలు దూలయ్య గారికి,

సుమేరా ఆదాబ్‌తో రాస్తున్నది. మీ ఉత్తరం అందింది. ‘మంద’ వాడకం పుస్తకం రాసేదీ దిద్దేదీ మూడేళ్లుగా నేనే. ఆ పుస్తకాన్ని ఒక మనిషి పద్నాలుగో పేజీ దాకా విన్నాడనడానికి ఈ మూడేళ్లలో మీ ఉత్తరమే మొదటి సాక్ష్యం. మా అబ్బాజాన్ షుకూర్ గారిది ఇక్కడ పుస్తకాల బైండింగ్ దుకాణం. ఆయన మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకొని, చేతిరాత బాగుందన్నారు.

అసలు విషయానికి వస్తాను. పద్నాలుగో పేజీలో ఉన్నది మీరు కాదు. అది ఉదాహరణ. ఫోనులో ఏ గడిలో ఏం రాయాలో చూపడానికి ఊరికే వేసిన పేరు, ఊరికే వేసిన అంకెలు. పన్నెండులోంచి మూడు పోతే తొమ్మిది అంటే ఎవరికైనా సులువుగా తెలుస్తుందని వేశాను. మీకు నిజంగా తొమ్మిది మేకలుండటం నా దురదృష్టం.

‘మంద’ సంగతి కూడా చెప్పాలి. ఇది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అంటే దీనికి యజమాని అంటూ లేడు. లోపల ఎట్లా రాశారో ఎవరైనా తెరిచి చూడొచ్చు, బాగు చేయొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. హైదరాబాద్‌లో అతీక్ భాయ్ అనే ఆయన మొదలుపెట్టారు. తలా ఒక ఊళ్లో ఉన్న పదిమందిమి జీతం లేకుండా తీరిక దొరికినప్పుడు చెయ్యి వేస్తున్నాం. సాఫ్ట్‌వేర్ వాళ్లు రాస్తారు. దాన్ని ఎట్లా వాడాలో మనుషుల మాటల్లో రాయడం నా వంతు. వాళ్లు ఏది మార్చినా పుస్తకం కూడా మార్చాలి. ఆ సంగతి సాధారణంగా అందరికీ ఆఖర్న గుర్తొస్తుంది.

కొత్త ముద్రణకు ఇంకా టైము పడుతుంది. అందుకని ఒక చీటీ పంపుతున్నాను. అందులో మీ పేరు తీసేసి వేరే పేరు వేశాను. పాత పేరు మీద అంటించండి. ఇంట్లో ఆమెకు నా తరఫున క్షమాపణ చెప్పండి.

మీ ఇంట్లో మాట తొందరగా సద్దుమణగాలని కోరుతూ,
సుమేరా.

తా.క. చీటీ వెనక అబ్బాజాన్ మైదా జిగురు రాసి ఆరబెట్టారు. కాస్త తడిపితే అంటుకుంటుంది. అంటించాక పుస్తకం మేకలకు అందకుండా పెట్టమన్నారు.


రాళ్లగుంపు,
జూలై 24.

సుమేరా మేడమ్ గారికి,

దూలయ్య ఇంటి బయట కూర్చొని రాస్తున్నది. లోపల కూర్చొని రాసే పరిస్థితి లేదు.

చీటీ అందింది. తడిపి అంటించాను. ఇప్పుడు అక్కడ ‘రైతు పేరు: జంపక్క’ అని ఉంది.

మేడమ్, జంపక్క నా భార్య పేరు. మొదటి ఉత్తరంలో పేరు రాయకపోవడం నా పొరపాటే. భార్య పేరు రాసే అలవాటు లేదు.

మీరు మేకలను నా పేరు మీద నుంచి తీసి ఆమె పేరు మీదికి మార్చినట్టయింది. ఆమె శ్రీధర్‌ను పిలిచి ఆ పేజీ రెండుసార్లు చదివించుకుంది. “ఇగ మంద నాది. అచ్చుల ఉన్నది” అన్నది. మర్నాడు నాకు చెప్పకుండా ఒక పోతును చర్ల సంతలో అమ్మి వచ్చింది. అడిగితే, “నా మేకను నేను అమ్ముకుంటే నీకేంది?” అన్నది. చచ్చిన మూడింటిని మాత్రం ఆమె తీసుకోలేదు. “బతికినయ్ నాయి. సచ్చినయ్ నీయి. ఏడబోయినయో చెప్పు” అంటున్నది.

అది ఉదాహరణ అని మీరు రాసిన మాట చెప్పి చూశాను. “ఉదాహరణ అనేటోడు ఏ ఊరోడు?” అని అడిగింది.

ఈ సాఫ్ట్‌వేర్‌కు యజమాని లేడని రాశారు. ఇక్కడ అడవిని కూడా మొదట అట్లాగే ఎవరిదీ కాదన్నారు. తర్వాత బోర్డు పెట్టారు. కాబట్టి ఆ మాట నేను గుంపులో ఎవరికీ చెప్పలేదు.

గొడవ ఎట్లాగూ అయింది కదా అని పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. ఏడో పేజీలో ‘భద్రపరచు అనే మీట నొక్కండి’ అని ఉంది. ఫోనులో అట్లాంటి మీట లేదు, సేవ్ అని ఉంది. శ్రీధర్ భద్రపరచు కోసం వెతికి వెతికి రెండు రోజులు రాసిందంతా పోగొట్టుకున్నాడు. పదకొండో పేజీలో మూడు చుక్కలు కుడివైపు ఉంటాయన్నారు. అవి ఎడమవైపు ఉన్నాయి. పదహారో పేజీలో మేక అని ఒక బొమ్మ వేశారు. అది గొర్రె.

ఇవి మీకు ఇంకెవరూ రాసి ఉండరని రాస్తున్నాను.

అరుగు మీద నుంచి,
దూలయ్య.

తా.క. ఆ మూడు మేకల సంగతి మీకు ఎవరు చెప్పారో రాయలేదు.

ఇంకొక తా.క. మీ అబ్బాజాన్ మాట నిజమైంది. పద్నాలుగో పేజీని చీటీతో సహా మేక తిన్నది. తన మేకే కాబట్టి తప్పు లేదని జంపక్క అంటున్నది.


ఖమ్మం,
ఆగస్టు 2.

దూలయ్య కాకా గారికి,

సుమేరా తల వంచుకొని రాస్తున్నది. కాకా అనమని అబ్బాజాన్ చెప్పారు. తిట్టేటప్పుడు కూడా ఇంత మర్యాదగా రాసే మనిషిని అట్లాగే పిలవాలట.

జంపక్క గారి పేరు ఎట్లా వచ్చిందో చెబుతాను. పుస్తకం రాసే రోజుల్లో చర్ల నుంచి ఒకాయన బైండింగ్ పని మీద మా దుకాణానికి వచ్చారు. “మీ దిక్కు పేర్లు రెండు చెప్పండి” అని అడిగాను. దూలయ్య, జంపక్క అన్నారు. మొదటిది అప్పుడు వాడాను, రెండోది మొన్న వాడాను. అంతకు మించి ఏమీ లేదు. ఇకనుంచి ఎవరి పేరూ వేయను. కొత్త పేజీలో ‘రైతు పేరు: ఫలానా’ అని ఉంటుంది.

సేవ్, మూడు చుక్కలు దిద్దాను. గొర్రె విషయంలో మా పదిమందిలో రెండు రోజులు వాదన నడిచింది. ఆరుగురు మేక అన్నారు, నలుగురు గొర్రె అన్నారు. చివరికి తేలిందేమిటంటే, పదిమందిలో మేకను దగ్గరగా చూసినవాళ్లు ఎవరూ లేరు.

మా పద్ధతి ప్రకారం మీ సంగతి అంతా ఎక్కించాను. మీ పేరు మీద 212 నంబరు తెరిచాం. మూడు ఊళ్ల నుంచి ముగ్గురు దాన్ని గమనిస్తున్నారు. అన్నీ తేలేవరకు అది తెరిచే ఉంటుంది. ఈలోగా మీకు ఇంకా ఏమైనా తెలిస్తే దాచకుండా చెప్పండి.

మీ సహకారం మీద భరోసాతో,
సుమేరా.

తా.క. మీ మూడు మేకల గురించి నాకు ఎవరూ చెప్పలేదు. ఒట్టు.


రాళ్లగుంపు,
ఆగస్టు 19.

సుమేరా మేడమ్ గారికి,

212 నంబరు దూలయ్య రాస్తున్నది.

మీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నేనే చదివి వినిపించాను.

“కేసైందా?” అని జంపక్క అడిగింది.

“నంబరు తెరిచిన్రట. ముగ్గురు చూస్తున్రట. దాచకుండ చెప్పమంటున్రు.”

“మేకలకు గింత కేసా?”

చర్ల దారిలో పోలీసుల క్యాంపు ఉంది. వాళ్లు పిలిచేదాకా ఆగడం కంటే మనమే వెళ్లడం మంచిదనుకున్నాం. జంపక్క తానూ వస్తానన్నది. నెల రోజులుగా నాతో సరిగా మాట్లాడని మనిషి సద్ది కట్టుకొని నా వెంట నడిచింది. దారిలో, “మేకలు నాయని నేనే చెప్త. నువ్వు నడిమిట్ల మాట్లాడకు” అన్నది.

క్యాంపులో వెంకటప్పయ్య అనే హెడ్ కానిస్టేబుల్ మీ ఉత్తరం రెండుసార్లు చదివాడు.

“గీ సుమేరా ఎవరు? ఏ స్టేషన్?” అని అడిగాడు.

“ఖమ్మం సార్. బైండింగ్ దుకాణం” అన్నాను.

రిజిస్టరు తెప్పించి వెతికాడు. వాళ్ల దగ్గర ఈ ఏడాది నంబర్లు అంతదాకా రాలేదు. మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఎవరికో ఫోన్ చేశాడు. అవతలివాళ్లు గొర్రె సంగతి మళ్లీ చదవమన్నట్టున్నారు, మూడోసారి చదివాడు. టీ ఇప్పించాడు. పొద్దు వాలుతుండగా, “నీ మీద ఏం లేదు గాని పో. గీ ఫలానా అనేటోడు కనబడితే మాత్రం చెప్పు” అన్నాడు.

ఫిర్యాదులకు వరుసగా వేసే అంకెను మీరు నంబరు అంటారని తర్వాత శ్రీధర్ చెప్పాడు. ఆ ఒక్క వాక్యం మీరు రాసి ఉంటే సరిపోయేది. ఎట్లా వాడాలో రాసేవారు కదా మీరు.

ఇక్కడిదాకా రాసింది మీరు నవ్వుకున్నా ఫరవాలేదు. కింద రాసేది అట్లాంటిది కాదు.

అడవికి అవతల ఛత్తీస్‌గఢ్ గుంపుల్లో మేకలకు పారుడు రోగం తగిలిందని కబురు వచ్చింది. ఆ రోగం ఎట్లా ఉంటుందో నేను చూశాను. ముక్కు కారుతుంది, నోరు పుండవుతుంది, మేత ముట్టదు, పారుకుంటుంది. వారంలోపు పోతుంది. ఆ రోగానికి సూదులు వేయడానికి పద్నాలుగో తారీఖున శ్రీధర్ ఐసు పెట్టెలో మందు తెచ్చాడు. నలభై ఒక్క ఇళ్లవాళ్లం, మూడు వందల పన్నెండు మేకలు. పొద్దున్నే అందరం మేకలను కట్టి ఉంచాం.

మీ తొమ్మిదో పేజీలో ఇట్లా ఉంది: ‘ఐసు పెట్టె తెరవండి. ఆ రోజుకు కావలసిన మందు కలుపుకోండి. తర్వాత రైతుల పేర్లు నమోదు చేయండి.’ శ్రీధర్ అట్లాగే మందంతా కలిపాడు. తర్వాత ఫోను తీసి పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాడు. అంతకుముందు రాసింది పోయింది కాబట్టి నలభై ఒక్క పేర్లూ ఎక్కితే గాని ఫోను ముందుకు కదలదు. ఒక్కో ఇంటికి నాలుగు నిమిషాలు. ఐసు కరిగిపోయింది. అంతా అయ్యేసరికి రెండున్నర గంటలు దాటింది. ఇరవయ్యో పేజీలో, ‘కలిపిన మందును రెండు గంటల్లో వాడాలి, తర్వాత పారబోయాలి’ అని ఉంది. శ్రీధర్ మా అందరి ముందూ మందు పారబోశాడు. ఒక్క మేకకు కూడా సూది పడలేదు.

“పేర్లు ముందుగాల రాసుకోవద్దా?” అని అడిగాను.

“నాకు గట్లనే అనిపించింది కాకా. పుస్తకంల గిట్ల ఉన్నది. కొత్తోన్ని, నా తెలివి వాడితే మాటొస్తదని భయమైంది” అన్నాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. తప్పు అతనిది కాదు.

మళ్లీ మందు వచ్చే నెల వస్తుందట. ఈలోగా రోగం అడవి దాటితే మీ పుస్తకం వల్ల చచ్చే మేకలకు ఉదాహరణ అనే పేరు పనికిరాదు. తొమ్మిదో పేజీ ఇప్పుడే మార్చండి. ముందు మేకలను కట్టాలి. తర్వాత పేర్లు ఎక్కించాలి. ఎక్కించినది అందరి ముందూ గట్టిగా చదివి ఒప్పించుకోవాలి, అప్పుడు ఎవరి లెక్క మీదా ఎవరికీ అనుమానం ఉండదు. అన్నీ అయ్యాకే మందు కలపాలి. ఈ మాటలు నావని చెప్పనక్కరలేదు.

తొందరలో,
దూలయ్య.

తా.క. మీ దుకాణానికి వచ్చిన ఆ చర్ల మనిషి ఎట్లా ఉంటాడో రాయండి. మీసం ఉందా?


ఖమ్మం,
ఆగస్టు 29.

దూలయ్య కాకా గారికి,

సుమేరా సలాం. మీ ఉత్తరాన్ని మా పదిమందికీ ఉన్నదున్నట్టు పంపాను. తర్వాత అతీక్ భాయ్, మందు ముందు కలపమని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా లేదే అన్నారు. ఆయన మాట నిజం. అది పుస్తకంలోనే ఉంది. తొమ్మిదో పేజీ నేను రాసింది.

ఎట్లా రాశానో కూడా చెప్పాలి. ఈ దుకాణంలో కుర్చీ మీద కూర్చొని రాశాను. ఐసు పెట్టె అనగానే మందు గుర్తొచ్చింది, మందు అనగానే కలపడం గుర్తొచ్చింది. మేకకు సూది వేయడం నేను ఎన్నడూ చూడలేదు. ఇరవయ్యో పేజీ రాసేనాటికి తొమ్మిదో పేజీలో ఏం రాశానో మర్చిపోయాను.

మొన్న ముదిగొండ వెళ్లాను. అక్కడ మేకలకు సూదులు వేస్తున్నారంటే పొద్దుటి నుంచి నిలబడి చూశాను. అక్కడి డాక్టరమ్మ పద్మావతమ్మ గారికి నా తొమ్మిదో పేజీ చూపించాను. ఆమె చదివి, “ఇది రాసినవాళ్లకు వంటన్నా వచ్చా?” అని అడిగారు. నేనే రాశానని చెప్పాను. అప్పుడు పక్కన కూర్చోబెట్టుకొని వరుస అంతా చెప్పారు. మీరు రాసిన వరుసే. ఒక్క మాట ఎక్కువ చెప్పారు: మందంతా ఒకేసారి కాకుండా సీసా అయిపోయాక ఇంకో సీసా కలపాలి.

సాఫ్ట్‌వేర్‌లో పేర్లు తొందరగా ఎక్కేటట్టు చేయడానికి మూడు నెలలు కావాలన్నారు. పుస్తకానికి మూడు రోజులు చాలని నేను అన్నాను. కొత్త తొమ్మిదో పేజీ రాసి, శ్రీధర్ లాంటి కొత్తవాళ్లకు ఇచ్చి చదివించి, ఎక్కడ తడబడ్డారో చూసి మళ్లీ రాశాను. అడుగున ఒక వాక్యం చేర్చాను: ‘ఈ పుస్తకంలో ఉన్నది మీ కంటికి తప్పుగా కనిపిస్తే ఆగండి, అడగండి.’ అబ్బాజాన్ అరవై కాపీలు తీయించి, వెనక గట్టి కాగితం వేసి కుట్టారు. చర్ల బస్సులో పార్సిల్ వేశాం. శ్రీధర్ గారి పేరు మీద ఉంది. ఆయనకు నా క్షమాపణ విడిగా రాశాను.

ఒక అనుమతి కావాలి. కొత్త ముద్రణ మొదటి పేజీలో ‘సరిచేసినవారు: దూలయ్య, రాళ్లగుంపు’ అని వేద్దామని పదిమందీ ఒప్పుకున్నారు. ఈసారి అడగకుండా వేయను.

212 మూసేశాం. అంటే పని పూర్తయిందని అర్థం. ఎవరూ ఎవరినీ గమనించడం లేదు.

మీ మేకలు క్షేమంగా ఉండాలని దువా చేస్తూ,
సుమేరా.

తా.క. ఆయన ముఖం నాకు గుర్తు లేదు, అబ్బాజాన్‌ను అడిగాను. మీసం ఉందట. టీ తాగి వెళ్లాడట. అంతకంటే అబ్బాజాన్‌కు గుర్తు లేదు.

ఇంకొకటి. పదహారో పేజీలో ఇప్పుడు అసలు మేక ఫోటో వేశాం. ముదిగొండలో నా దుపట్టా సగం తిన్న మేకే అది.


రాళ్లగుంపు,
సెప్టెంబరు 22.

అమ్మా సుమేరా,

దూలయ్య కాకా రాస్తున్నది. మీరు కాకా అన్నాక మేడమ్ అని రాయడం బాగోలేదు.

పార్సిల్ చేరింది. మందు పదిహేడున వచ్చింది. రోగం ఇంకా అడవి అవతలే ఉంది. శ్రీధర్ కొత్త తొమ్మిదో పేజీని ముందు పెట్టుకొని, ఐసు పెట్టె మూత కూడా ముట్టకుండా పేర్ల పని మొదలుపెట్టాడు. నలభై ఒక్క పేర్లు పోయినసారే ఎక్కాయి గాని లెక్కలు సరిచూడాలి. ఒక్కో ఇంటివాళ్లను అడగడం, మార్చడం, గట్టిగా చదవడం. వాళ్లు అవ్ అంటే తర్వాతి ఇల్లు. బాగా సాగింది. పుస్తకం అంటే ఇట్లా ఉండాలని నాలో నేను అనుకుంటున్నాను. ఇంతలో నా వంతు వచ్చింది.

“దూలయ్య, జంపక్క. మేకలు ఎనిమిది” అని చదివాడు. పోతును అమ్మిన సంగతి మీకు తెలుసు. తర్వాత, “ఏడాదిలో సచ్చినయ్ ఎన్ని కాకా? సున్నా రాయాల్నా?” అని అడిగాడు.

గుంపంతా వింటోంది. జంపక్క ముందు వరుసలో కూర్చొని ఉంది. అందరి ముందూ గట్టిగా చదవాలని వేయించింది నేనే.

“మూడు” అన్నాను.

అమ్మా, ఆ మూడు మేకలు నిజం.

పినపాక దగ్గర నాకు సక్రి అని ఒక చెల్లె ఉంది. ఒంటరి మనిషి. పదకొండేళ్ల కింద ఆరేసిన ఇప్పపువ్వు మీద ఎవరు నడిచారనే సంగతి మీద ఆమెకూ జంపక్కకూ మాటలు పోయాయి. నిరుడు నేను ఒకరి చేనుకు కావలి ఉంటే వాళ్లు మూడు ఆడమేక పిల్లల్ని ఇచ్చారు. ఇంటికి తేకుండా సక్రికి ఇచ్చాను. వానల్లో పారుడు తగిలింది. వెళ్లేసరికి ఒకటి పోయింది. మిగిలిన రెండూ నా చేతుల్లోనే పోయాయి. సూది వేయించాలని నాకు అప్పుడు తెలియదు. పూడ్చిపెట్టి వచ్చి ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఇక్కడ తొమ్మిది, అక్కడ మూడు. మీ పుస్తకంలో ఒక్క అంకె కూడా తప్పు లేదు.

శ్రీధర్ మూడు అని ఎక్కించి గట్టిగా చదివాడు. జంపక్క లేచి నా దగ్గరికి వచ్చింది.

“గీ మాట చెప్పనీకి నీకు పుస్తకం అచ్చు కావాల్నా?” అన్నది.

“నీకు ఎరుకేనా?”

“నిరుడే ఎరుక. సక్రి మనిషిని పంపింది. మా అన్న మూడు దినాలు అన్నం ముట్టలే, జర చూసుకో అని చెప్పిచ్చింది. నువ్వే చెప్తవని చూసిన. చెప్పకపోతివి. పుస్తకం చెప్పింది.”

తర్వాత శ్రీధర్ వైపు తిరిగి, “ఇగ మందు కలుపు బిడ్డా, ఎండ ముదురుతాంది” అన్నది.

మధ్యాహ్నంలోపు అన్ని మేకలకూ సూదులు పడ్డాయి. మందు ఒక్క చుక్క పారబోయలేదు. మొన్న ఆదివారం జంపక్క రెండు ఆడమేకలను విడదీసింది. ఇద్దరం పినపాక తోలుకెళ్లి సక్రికి ఇచ్చి వచ్చాం. ఇప్పపువ్వు సంగతి వాళ్లిద్దరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అక్కడి గోపాలమిత్రకు కూడా ఒక తొమ్మిదో పేజీ ఇచ్చాను.

నా పేరు వేయండి. జంపక్క పేరు కూడా పక్కన వేయమంటోంది. ఈసారి మేకల లెక్క లేకుండా వేయండి.

ఇన్ని చెప్పాక ఇప్పుడైనా మీరు చెప్పాలి. ఆ మూడింటి సంగతి మీకు ఎవరు చెప్పారు? ఉదాహరణ అని మాత్రం రాయకండి. ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు.

మీ అబ్బాజాన్‌కు దండాలతో,
దూలయ్య కాకా.

తా.క. సూదులు వేసిన మర్నాటి నుంచి నలుగురు వేరువేరుగా, ఒకరికి తెలియకుండా ఒకరు నా దగ్గరికి వచ్చారు. వచ్చే పుస్తకంలో తమ పేర్లు రాకుండా చూడమని మీకు రాయమన్నారు. ఎందుకని నేను అడగలేదు. ముగ్గురు మా గుంపువాళ్లే: ప్రమీల, వెంకటేశ్వరరావు, సువర్ణ. నాలుగో ఆయన క్యాంపు నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. తన పేరు ఉత్తరంలో కూడా రాయవద్దన్నాడు, కాబట్టి రాయడం లేదు.